చదునుగా పడని చేతులు

మా మేనత్త నమస్కారం పెడితే రెండు అరచేతులూ కలిసేవి కావు. మధ్యలో కోడిగుడ్డు పట్టేంత సందు ఉండేది. ఎదుటివాళ్ళు ఆ సందు వైపు చూస్తే, "గాలాడాలి కదండీ" అనేది.

గోదావరికి పెద్ద వరద వచ్చిన ఏడాది, నీళ్ళు తీసి చేలు ఆరాక, కార్తీకమాసంలో ఆవిడ పోయింది. కడియం నుంచి మొక్కల లారీ తోలుకొచ్చిన డ్రైవరు రాజమండ్రిలో మా ఆసుపత్రి దగ్గర దిగి, ఎక్స్‌రే గది తలుపు తట్టి కబురు చెప్పాడు. అప్పుడు నేను లోపల చీకటి గదిలో ఎవరిదో ఫిల్ము కడుగుతున్నాను. తలుపవతల నుంచి కబురు విన్నాక కూడా ఆ ఫిల్మును పూర్తిగా జాడించి, క్లిప్పుకి తగిలించి, చేతులు తుడుచుకునే బయటికి వచ్చాను. ఆవిడ విషయంలో నేను ఎప్పుడూ అంతే. నా పని పూర్తయ్యాకే బయటికి వచ్చాను.

ఆవిడ చేతుల గురించి ముందు చెప్పాలి. ఎవరైనా ముందు చూసేది వాటినే, ఆవిడా వాటిని దాచేది కాదు. కీళ్ళవాతం ఆవిడని ముప్ఫై ఏళ్ళు నిండకుండానే పట్టుకుంది. నాకు ఊహ తెలిసేసరికి మణికట్లు వాచి ఉండేవి. నేను చదువు ముగించేసరికి వేళ్ళన్నీ మొదట్లో కీలు తప్పి చిటికెనవేలి వైపు ఒరిగిపోయాయి. "చూశావా, అన్నీ ఒకే పక్కకి ఎలా వాలాయో! ఓట్లప్పుడు మన ఊరోళ్ళ లాగా" అనేది నాతో. బస్సులో ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చునేది. పక్కన కూర్చున్న ఆవిడ జాలిపడి, "ఏంటమ్మా, అలాగైపోయాయి?" అంటే, "పేకాట ఎక్కువాడానండి" అని కిటికీలోంచి బయటికి చూసేది.

కీళ్ళ నొప్పులున్నవాళ్ళకి వాన సంగతి ముందే తెలిసిపోతుందట కదా అని ఎవరైనా అడిగితే మాత్రం ఆవిడకి నిజంగా కోపం వచ్చేది. "నాకు రోజూ వానేనండి. మీకు వాన కబురు కావాలంటే రేడియో పెట్టుకోండి."

కాఫీ గ్లాసు రెండు మణికట్ల మధ్య పట్టుకుని తాగేది. తలుపు గడియ మోచేత్తో తీసేది. పొద్దున్నే జాకెట్టు హుక్కులు పెట్టడం మాత్రం కూతురు పని. ఆ ఒక్క సంగతి మీద ఆవిడ ఎన్నడూ హాస్యమాడగా నేను వినలేదు.

మావయ్య చిన్న వయసులోనే పోయాడు. ఆవిడకీ కూతురికీ మిగిలింది కడియం పక్కన అరెకరం నర్సరీ. అక్కడ చుట్టుపక్కల అందరిదీ అదే పని. ఎక్కడ చూసినా వరసలు వరసలుగా మట్టికుండీలూ, డబ్బాలూ, లారీల మీదికి మొక్కలెక్కించే మనుషులూ. మా అత్తది సపోటా అంట్లలో పెట్టింది పేరు. వేరు గట్టిగా ఉండే పాల మొక్క మీద మంచి సపోటా కొమ్మను అంటు కట్టాలి. చాకుతో చెక్కడం కూతురి వంతు. చెక్కిన రెండు ముఖాలనీ ఆనించి అరటినారతో చుట్టడం అత్త వంతు. నార ఒక కొసను పళ్ళతో పట్టుకుని, రెండో కొసను ఎడమ మణికట్టుకి ఒక చుట్టు తిప్పి, తలను మెల్లగా వెనక్కి తీసుకుంటూ బిగించేది. దూరం నుంచి చూస్తే మొక్కకి ఏదో రహస్యం చెబుతున్నట్టుండేది. ఆవిడ కట్టిన వాటిలో చచ్చినవి తక్కువ. పక్క తోటలవాళ్ళు వచ్చి కిటుకు అడిగితే, "కిటుకేముందండీ? మీ చేతుల్లో బలముంది, పీక నొక్కేస్తారు. నాకు నొక్కే బలం లేదు, అందుకని బతుకుతున్నాయి" అనేది.

నన్ను "అల్లుడూ" అని పిలిచేది. అన్నగారి కొడుకును కాబట్టి ఆ పిలుపుకి వేరే అర్థం వెతకక్కర్లేదు. కానీ ఆవిడ అనే తీరులో వేరే అర్థం కూడా ఉండేది. ఇంట్లో అందరికీ అది తెలుసు.

సూర్యగ్రహణం వచ్చిన ఏడాది, గ్రహణానికి ముందు రెండు రోజులూ మా ఎక్స్‌రే గది ముందు జనం బారులు తీరారు. నల్లటి పాత ఫిల్ము ముక్క అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూడొచ్చని ఎవరో పుట్టించారు. నేను ఆసుపత్రికి పనికిరాని పాతవి తీసి కత్తిరించి పంచిపెట్టాను. మా అత్త గ్రహణం దాటిన మూడో రోజున వచ్చింది.

"సూర్యుడు వెళ్ళిపోయాడత్తా" అన్నాను.

"ఆయన్ని నేనేం చేసుకుంటాను? ముక్కలింకేమైనా మిగిలాయా అల్లుడూ?"

ఎదురింటి పిల్లవాడు పారేసిన ముక్క ఆవిడకి దొరికిందట. మేకుతో గీసి చూసింది. నల్లటి చోట గీస్తే అక్షరం తెల్లగా పడింది. వానకి తడిసినా, ఎండకి ఎండినా చెరగలేదు. మొక్కలకి కట్టే పేరు చీటీలు అట్టముక్కలైతే నెల తిరక్కుండా నానిపోయేవి, రేకు ముక్కలు తుప్పు పట్టేవి. ఇది దేనికీ లొంగలేదు. ఆ రోజు నుంచి నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చి, చేతిసంచీ నిండా పాత ఫిల్ములు పట్టుకెళ్ళేది. వచ్చినప్పుడల్లా పాలడబ్బాలో ఒక మొక్క తెచ్చేది. డాక్టరుగారి మేడ మీదున్న గులాబీలన్నీ అలా వచ్చినవే.

ఆవిడ తోటలో నడుస్తుంటే నాకు ఒళ్ళు కొంచెం జలదరించేది. మొక్కకో ముక్క. ఒకదాని మీద ఎవరిదో పక్కటెముక కొస, ఒకదాని మీద మోకాటి చిప్ప నీడ. వాటి పక్కన నల్లటి చోట కూతురు మేకుతో రాసిన పేర్లు. ఎముక పడిన భాగం తెల్లగా ఉంటుంది గనక అక్కడ గీసినా అక్షరం కనిపించదు. అందుకని అంచులే కత్తిరించి, నడిమి భాగం ఎరువు గోతిలో వేసేవాళ్ళు. "పాపం, ఎవరి ఊపిరితిత్తులో! మన పెంటకుప్పలో పడ్డాయి" అని నవ్వేది.

ఆ ఎండాకాలం ఆవిడని బలవంతం చేసి డాక్టరుగారికి చూపించాను. మా నాన్న కూడా వెంట వచ్చాడు. ఆయనకీ పొద్దుటి పూట వేళ్ళు బిగుసుకుపోయి, ఎండెక్కాక వదిలేవి. అయినా ఎప్పుడూ ఎవరికీ చూపించుకోలేదు. ఇద్దరి చేతులూ ఫిల్ము తీయమన్నారు డాక్టరుగారు.

నాన్నవి క్షణంలో అయిపోయాయి. అత్త చేతులు మాత్రం ఫిల్ము పెట్టె మీద చదునుగా ఆనలేదు. ఆనకపోతే బొమ్మ సరిగా రాదు. అది నాకు నేర్పిన సూత్రం. నేను నా అరచేయి ఆవిడ వేళ్ళ మీద ఆనించి కిందికి నొక్కాను. ఆవిడ అరవలేదు. ముక్కుతో గట్టిగా గాలి పీల్చింది.

"నా చెయ్యి వంగదు అల్లుడూ. వంచదల్చుకుంటే నీ పెట్టెను వంచు."

తర్వాత డాక్టరుగారు రెండు ఫిల్ములూ వెలుతురు పెట్టె మీద పక్కపక్కన తగిలించి చాలాసేపు చూశారు. నాన్న ఎముకల అంచులు గీత గీసినట్టు ఉన్నాయి. అత్తవి చెదలు తిన్న తలుపు చెక్కల్లా ఉన్నాయి. కీళ్ళలో కొన్ని అసలు కీళ్ళలాగే లేవు.

"ఒకే తల్లి పిల్లలేనా?" అన్నారాయన.

"అవునండి. మా అమ్మవీ ఇలాగే ఉండేవి" అంది అత్త.

నాకు మా నాయనమ్మ గుర్తుంది. ముద్ద కలిపితే ఆవిడ వేళ్ళ సందుల్లోంచి మెతుకులు కంచంలోకి జారిపోయేవి. అది ముసలితనం అనుకునేవాణ్ణి. అప్పటికి ఆవిడకి యాభై కూడా లేవు.

"మరి మీ అమ్మగారిది మేనరికమా?"

"సొంత మేనమామనే చేసుకుందండి."

డాక్టరుగారు తలూపి, కుర్చీ ఇటు తిప్పారు. ఆయన తీరిగ్గా చెప్పే మనిషి. ఆ రోజు చెప్పింది నాకు ఇప్పటికీ దాదాపు అలాగే గుర్తుంది.

"చూడమ్మా, ఈ జబ్బు రావడం ఒక ఎత్తు. వచ్చిన జబ్బు ఎముకను ఎంత తింటుందనేది ఇంకో ఎత్తు. మీ అన్నగారికీ వచ్చింది, వాపు దగ్గరే ఆగింది. నీకు ఎముక దాకా వెళ్ళింది. మందు వాడకపోవడం ఒక కారణం. కానీ పుట్టుకలో కూడా ఏదో ఉంది. రక్తంలో తెల్లకణాల మీద రకరకాల గుర్తులుంటాయి. ఫలానా గుర్తున్నవాళ్ళకి ఈ జబ్బు ఎక్కువని ఈమధ్య కనిపెట్టారు. అది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు పక్కలా దిగిందనుకో, అలాంటివాళ్ళకి ఎముక మరీ చెడుతుందేమోనని నా అనుమానం. అనుమానమే సుమా. గుర్తున్నవాళ్ళందరికీ జబ్బు రాదు. లేనివాళ్ళకి రాదనీ లేదు. నీ కూతురికి వస్తుందా అంటే నేనే కాదు, ఎవరూ చెప్పలేరు."

కూతురి మాట ఆవిడ అడగలేదు. ఆయనే అన్నారు. అత్త నా వైపు చూసిందేమో నాకు తెలీదు. నేను ఫిల్ముల కవర్లు సర్దుతున్నాను.

మందుల సంగతి వచ్చినప్పుడు ఆయన, పెద్ద ఊళ్ళలో ఈ జబ్బుకి బంగారం ఇంజెక్షన్లు ఇస్తున్నారని చెప్పారు. ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. "చేతికి గాజు ఎక్కటం లేదు బాబుగారూ, ఒంట్లోకి బంగారం ఎక్కిస్తారా?" చివరికి రోజూ డజను ఆస్పిరిను బిళ్ళలు రాయించుకుని వచ్చింది. ఆ బిళ్ళల వల్ల కొన్నాళ్ళకి, చెవిలో ఎప్పుడూ వంతెన మీద మెయిలు వెళ్తున్నట్టే ఉందిరా, ఒక్కసారీ స్టేషన్లో ఆగి చావదు, అని ఫిర్యాదు చేసింది.

ఆ సాయంత్రం నాన్న వేరే పని మీద వెళ్తే, ఆవిడని బస్సెక్కించడానికి నేను వెళ్ళాను. బస్టాండులో బల్ల మీద కూర్చుని ఏదో ఆలోచిస్తూ ఉన్నట్టుండి అంది:

"మీ డాక్టరుగారు చెప్పింది మాకు కొత్తేం కాదురా. గింజ వేసి మొలిపించిన మొక్కకి ఎవడూ హామీ ఇవ్వడు. తల్లిచెట్టు కాయ తియ్యగా ఉన్నా పిల్లచెట్టు పుల్లగా కాయొచ్చు. తల్లి పుల్లనిదైనా పిల్ల తియ్యగా కాయొచ్చు. అందుకేగా అంట్లు కట్టేది! అంటైతే తల్లి గుణం తప్పకుండా వస్తుంది."

"అయితే?"

"అయితే ఏముంది? మనుషులందరం గింజ మొక్కలమే కదా అంటున్నాను."

బస్సు వచ్చింది. ఫుట్‌బోర్డు మీద కడ్డీ పట్టుకోలేదు కాబట్టి కండక్టరు ఆవిడ చంకలో చెయ్యేసి ఎక్కించాడు. "మెల్లగా బాబూ, అంటు ఊడిపోద్ది" అంది వాడితో.

ఇక నా సంగతి.

నాకు అప్పటికి ఇరవయ్యారేళ్ళు. మరదలికి పంతొమ్మిది. ఆ దసరాకి పెద్దవాళ్ళు మాట మొదలుపెట్టారు. మా నాన్నకి ఇష్టం, అమ్మకి అభ్యంతరం లేదు. ఆ పిల్ల నాకు నచ్చలేదని ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది. చాకుతో కొమ్మ చెక్కేటప్పుడు ఆ పిల్ల నాలుక కొసను పంటి కింద పెట్టుకునేది. అది నేను చాలాసార్లు, అవసరానికి మించి చూశాను. కానీ అప్పటికే తణుకు వైపు నుంచి ఇంకో సంబంధం వచ్చి ఉంది. టీచరు ట్రైనింగయిన అమ్మాయి, ఉద్యోగం రాబోతోంది, మేనమామలు రాజమండ్రిలోనే పలుకుబడి ఉన్నవాళ్ళు. నా మనసు అటు లాగింది. అత్తతో ఆ మాట అనే ధైర్యం నాకు లేదు. నా ఇష్టంలా కనిపించని కారణం ఒకటి కావాలి. అది డాక్టరుగారి గదిలో దొరికింది.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ కారణానికి రుజువు కూడా కావాలనుకున్నాను. "పిల్లని ఒకసారి తీసుకురా అత్తా. నీ చేతులతో పోల్చి చూడాలని డాక్టరుగారన్నారు" అని చెప్పాను. డాక్టరుగారు అనలేదు. అత్త నమ్మి, ఫిల్ముల కోసం వచ్చిన రోజున కూతుర్నీ తీసుకొచ్చింది. డాక్టరుగారు కాకినాడ వెళ్ళిన రోజు చూసే నేను రమ్మన్నాను.

ఆ పిల్ల గాజులు తీసి బల్ల మీద పెట్టింది. రెండు చేతులూ ఫిల్ము పెట్టె మీద ఆనించింది. ఎంత చదునుగా ఆనాయంటే నేను తాకాల్సిన పనే లేకపోయింది. "ఊపిరి బిగబట్టాలా బావా?" అంది. చేతులకి అక్కర్లేదు. అయినా బిగబట్టమన్నాను. ఎందుకన్నానో తెలీదు. తీస్తున్నంతసేపూ ఆ పిల్ల ఊపిరి బిగబట్టే ఉంది.

పెళ్ళిచూపుల్లో నడిపించి చూస్తారు, పాడించి చూస్తారు. నేను ఎముకలు చూశాను. కడిగిన ఫిల్మును తడిగా ఉండగానే వెలుతురుకి పెట్టి, భూతద్దంతో ఒక్కొక్క కీలూ వెతికాను. ఎక్కడా ఏమీ లేదు. అంత శుభ్రమైన చేతులు నేను ఆ ఏడాది ఇంకెవరివీ తీయలేదు. అప్పుడు నాకు కలిగింది సంతోషం కాదు. చిరాకు. అది గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నా మీద నాకు ఒక రకమైన భయం వేస్తుంది.

రెండు వారాలకి అత్త మళ్ళీ వచ్చింది. ఈసారి సరాసరి డాక్టరుగారి గదిలోకి వెళ్ళింది. నేను ఎవరిదో రిపోర్టు పట్టుకుని అక్కడే ఉన్నాను.

"మా పిల్ల ఫిల్ము చూశారాండీ?"

"ఏ పిల్లమ్మా?"

ఆయన నా వైపు చూశారు. అత్త కూడా చూసింది. చెప్పకుండా, రాయకుండా ఆసుపత్రి ఫిల్ము వాడితే ఉద్యోగం పోతుంది. అది నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఆవిడకి ఎలా తెలిసిందో మరి.

"నేనే తీయించానండి" అంది అత్త. "పిల్ల చెయ్యి నొప్పెడతందంటే వీడి ప్రాణం తీసి తీయించాను. తమరితో చెప్తానని నేనే అన్నాను, మర్చిపోయాను. ఆ ఫిల్ము ఖరీదు ఎంతో చెప్పండి, ఇచ్చుకుంటాను."

"ఫర్వాలేదమ్మా. ఇంకోసారి నాకు చెప్పి చేయండి" అన్నారాయన, నా వైపు చూస్తూనే.

వరండాలోకి వచ్చాక ఫిల్ము ఇమ్మంది. ఇచ్చాను. పట్టుకోలేక రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని ఆకాశం వైపు ఎత్తింది. చాలాసేపు చూసింది.

"ఏమన్నా ఉందా?"

"ఏమీ లేదత్తా. శుభ్రంగా ఉన్నాయి."

"మరి?"

నేను ముందే సిద్ధం చేసుకున్న మాట అనేశాను. "ఇప్పుడు లేకపోయినా రేపు రావచ్చు కదత్తా. వంశంలో ఉంటే ప్రమాదమని డాక్టరుగారే అన్నారు కదా."

"ఏ వంశంలోరా?"

ఆవిడ ఫిల్మును మెల్లగా దించింది. గొంతులో కోపం లేదు. తోటలో ఏ మొక్క ఎక్కడ పెట్టావని అడిగినట్టే అడిగింది.

"నీవి తీసుకున్నావా?"

మేనరికం వద్దనడం తప్పు కాదు. రెండు పక్కలా దిగుతుందన్న అనుమానం నిజమైతే, వద్దనడమే సరైన పనేమో కూడా. ఆవిడకి ఆ మాట అర్థం కాకపోయేది కాదు. నా తప్పు అది కాదు. ఆ చేతులు మా నాయనమ్మవి. నాయనమ్మ నుంచి నాన్నకీ వచ్చాయి, అత్తకీ వచ్చాయి. నాన్న వేళ్ళు పొద్దున్నే వేణ్ణీళ్ళలో నానడం చూస్తూ పెరిగినవాణ్ణి నేను. అంత తెలిసి, ఆ పిల్లనొక్కదాన్నే వెలుతురు పెట్టె ముందు నిలబెట్టాను. నా చేతులు పెట్టాలని తోచనే లేదు. తోచి కూడా పక్కకి తోసేశానేమో, ఇప్పుడు చెప్పలేను.

"తీసుకోలేదు" అన్నాను.

"సరే" అంది. కూతురి ఫిల్మును మిగతా పాత ఫిల్ములతో పాటు చేతిసంచీలో పెట్టించుకుంది. మెట్లు దిగి, కింద ఆగి, తను తెచ్చి వరండాలో పెట్టిన మొక్క డబ్బాను, తీసుకోవడం మర్చిపోయావన్నట్టు నాకు కళ్ళతో చూపించింది. అది నాకు తెచ్చిన గులాబీ. వెనక్కి తీసుకోలేదు.

జాతకాలు కలవలేదనీ, తనే వద్దన్నాననీ ఆవిడ ఇంటింటికీ చెప్పింది. మా నాన్న ఆవిడ మీద అలిగి ఏడాది పాటు కడియం వెళ్ళలేదు. నిజం చెప్పే అవకాశం నాకు ఆ ఏడాదిలో రోజూ ఉంది. ఒక్క రోజూ చెప్పలేదు. నాకు తణుకు సంబంధమే ఖాయమైంది. నా భార్య మంచి మనిషి. ఇందులో ఆమెకి ఏ భాగమూ లేదు.

మరదల్ని పక్క తోటలో అంట్లు కట్టే అబ్బాయికిచ్చారు. అతను అత్తవారింటికే వచ్చి ఉన్నాడు. అతని గురించి నాతో అత్త ఒక్క మాటే అంది: "వాడికి నొక్కే బలముంది గానీ నొక్కడు."

ఫిల్ముల కోసం రావడం ఆవిడ మానలేదు. వచ్చినప్పుడల్లా మొక్క తేవడమూ మానలేదు. కండక్టర్ల మీద, డాక్టర్ల మీద, తన వేళ్ళ మీద హాస్యాలు అలాగే సాగాయి. నన్ను తప్పించుకు తిరిగింది కూడా లేదు. ఒక్కటే మారింది. "అల్లుడూ" అనడం మానేసి "అబ్బాయ్" అనడం మొదలుపెట్టింది. బయటివాళ్ళు గమనించేంత తేడా కాదు. నేను ఆరేళ్ళపాటు ప్రతిసారీ గమనించాను. ఈసారైనా నోరు జారి అంటుందేమోనని చూసేవాణ్ణి. ఆవిడ నోరు జారే మనిషి కాదు.

కబురు వచ్చిన రోజున కడియం వెళ్ళి, అన్నీ అయ్యాక రాజమండ్రి తిరిగి వచ్చాను. నిమ్మతొనల్లా వంగిన ఆ వేళ్ళను ఎవరూ చదును చేయడానికి ప్రయత్నించలేదు. దండం పెట్టినట్టు ఛాతీ మీద కట్టబోయి, కుదరక, రెండు పక్కలా వదిలేశారు.

మర్నాడు పనిలోకి వెళ్ళగానే ఫిల్ము పెట్టె బల్ల మీద పెట్టి నా రెండు చేతులూ ఆనించాను. మీట అడ్డగోడ వెనకాల ఉంటుంది. తన చేతులు తను తీసుకోవడం ఎవరివల్లా కాదు. పాత నర్సమ్మగారిని పిలిచి మీట నొక్కమన్నాను.

"మీకేమొచ్చిందండీ?" అందావిడ.

ఈసారి అబద్ధం చెప్పలేదు. "చూడాలండి" అన్నాను.

అప్పటికి కొన్ని నెలలుగా పొద్దున్న సబ్బు పట్టుకుంటే జారిపోతోంది. ఫిల్ము కడిగి వెలుతురు పెట్టె మీద పెట్టాను. కుడిచేతి చూపుడువేలి మొదటి కీలు దగ్గర, ఎముక అంచున, ఎలుక కొరికినంత చిన్న నొక్కు. అత్త ఫిల్ములో అన్నింటికంటే పెద్ద గుంట ఉన్నది అక్కడే. ఇది ఇక్కడే ఆగుతుందో, అత్తలాగా లోపలికి వెళ్తుందో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. డాక్టరుగారికి చూపించి మందు మొదలుపెట్టాను. ఫిల్ము మాత్రం ఆసుపత్రి కవర్లో పెట్టలేదు.

పదకొండో రోజున కడియం వెళ్ళినప్పుడు దాన్ని పట్టుకెళ్ళాను. భోజనాలయ్యాయి. మరదలు తోటలో తొట్టి పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది. మర్నాడు లారీ లోడు ఉందట. పేరు చీటీలు లేవని, ఉన్న పాత ముక్కలు ఏరుతోంది. సపోటా వరసల్లో వందల ముక్కలు గాలికి టపటపలాడుతున్నాయి. ఆరేళ్ళ కిందటి ఆ ఫిల్ము ముక్కలు వాటిలో ఉన్నాయో లేవో, ఉంటే ఏ ఊళ్ళకి వెళ్ళిపోయాయో నాకు తెలీదు. అడగలేదు.

కవరు చేతికిచ్చాను. "ఇది నాది" అన్నాను. "నా చేతులు."

ఆ పిల్ల ముందు ఫిల్ము వైపు కాదు, నా వైపు చూసింది. పిల్ల అంటున్నాను గానీ అప్పటికి ఇద్దరు పిల్లల తల్లి.

"ఎప్పుడో ఒకప్పుడు తెస్తాడని అమ్మ అనేది" అంది.

"నీకు చెప్పిందా?"

"అప్పుడే చెప్పింది బావా. ఇంటికొచ్చిన రోజునే."

ఆరేళ్ళూ నాకు ఎదురొచ్చి, మంచినీళ్ళిచ్చి, అక్కయ్య బాగుందా అని నా భార్య గురించి అడుగుతూ వచ్చిన మనిషి అన్నీ తెలిసే అడిగిందన్నమాట.

"చూడు" అన్నాను. "కుడిచేతి చూపుడువేలు దగ్గర..."

ఆమె ఫిల్మును వెలుతురుకి ఎత్తలేదు. ఒళ్ళో బోర్లా పెట్టుకుని కత్తెర అందుకుంది. నాలుక కొస పంటి కిందికి వెళ్ళింది. పైనుంచి ఒక పట్టీ, కింది నుంచి ఒక పట్టీ, రెండు చేతుల మధ్య నుంచి ఒక పట్టీ, నల్లగా ఉన్న మేరకి తిన్నగా కత్తిరించింది. పట్టీలని ముక్కలు చేసింది. ఆమె వేళ్ళు తిన్నగా ఉన్నాయి. పిడికిలి మడిచినా తెరిచినా ఎక్కడా వాపు లేదు.

"ఇరవై దాకా వచ్చాయి బావా. రేపటి లోడుకి సరిపోతాయి."

మేకు తీసుకుని మొదటి ముక్క మీద సపోటా రకం పేరు రాసింది. ఆ తర్వాత ఒళ్ళో మిగిలిన రెండు తెల్లటి చేతుల ముక్కలనీ తీసింది. ఎరువు గొయ్యి పక్కనే ఉంది. వాటిని అందులో వేస్తుందనుకున్నాను. కవర్లో పెట్టి నా చేతికే ఇచ్చింది.

"ఇవి నీ దగ్గరుంచుకో. వీటి మీద పేరు పడదు."